ఎర్ర గుర్రం చలికి చావలేదు

గుర్రాల పనికి పోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న, తంతాయా అని. తంతాయి. కరుస్తాయి కూడా. నా ఎడమ మోకాలు ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు కలుక్కుమంటుంది. కువైట్‌లో ఇరవై తొమ్మిదేళ్లు ఆ పని చేసి వచ్చాను కాబట్టి చెబుతున్నాను, గుర్రం తన్నిన దెబ్బ నెలలో మానిపోతుంది. ఈ పనిలో అంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మనం సాకిన గుర్రం మన కళ్లముందే పక్కవాళ్ల అడుగుల చప్పుడుకు చెవులు నిక్కబొడుస్తుంది. అప్పుడు కడుపులో రగిలే మంట ఉంటుందే, అది.

ఆ మంటలో నేనొక గుర్రాన్ని చంపుకున్నాను. ఆ సంగతి రాయకుండా దాణా గురించీ ఒళ్లు రుద్దే మాలీసు గురించీ ఎంత చెప్పినా మీకు పనికిరాదు.

తోటపని అనుకొని పోతే

మాది రాయచోటి దగ్గర పల్లె. నన్ను తోటపనికని తీసుకుపోయారు. ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్న కారు దజీజ్ గోడౌన్లు దాటి, రోడ్డు వదిలి, ఇసుకలో కొంతదూరం పోయి ఒక రేకుల కొట్టం ముందు ఆగింది. ఆరు గుర్రాలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. నేను అప్పటిదాకా ఎద్దుల్నీ బర్రెల్నీ సాకినవాణ్ణే, గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్లి ఊరేగింపులోనే.

మా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, మేమంతా బాబా అనేవాళ్లం, ఆయన భార్యను మామా అని. వాళ్ల ఇల్లు సల్వాలో. కొట్టానికి పెద్ద దిక్కు యూసుఫ్ చాచా. పాకిస్తాన్‌లోని ముల్తాన్ మనిషి, అప్పటికే అరవై దాటాయి. ఆయన నాకు రెండేళ్లపాటు పార తప్ప ఇంకేదీ చేతికివ్వలేదు. "పొద్దున్నే ముందు లద్దె చూడు. ఎంత వేసింది, ఎట్లుంది చూడు. ఆ తర్వాతే గుర్రం మొహం చూడు" అనేవాడు. నాకు చిరాకేసేది. నా కన్నంతా నూరా మీద ఉండేది.

నూరా బూడిదరంగు ఆడగుర్రం. నడిస్తే ఇసుక మీద గిట్ట ఆనుతోందా లేదా అన్నట్టుండేది. చాచాను తప్ప ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. మూడో ఏడు చాచా కళ్లల్లో పొరలు కమ్మడం మొదలయ్యాక ఒకరోజు దాని మాలీసు బ్రష్షు నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు, ఆకలి వేయలేదు. అప్పట్నుంచి నూరా నాది. నా పేరున రాసిచ్చినట్టే అనుకున్నాను. ఇది నా మొదటి తప్పు.

అందరూ వెళ్లిపోతుంటే

నేను పోయిన ఏడో ఏడు, 1990 ఆగస్టు రెండో తేదీ తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం వచ్చేసింది. హెలికాప్టర్లు కొట్టం మీదుగా ఎంత కిందుగా పోయాయంటే రేకులు లేచిపోతాయేమో అనిపించింది. నూరా బెదిరి తలుపు తన్ని, గొళ్లెం ఊడగొట్టుకొని ఎడారిలోకి పరుగెత్తింది.

నాలుగో రోజు బాబా వచ్చాడు. కారు నిండా పిల్లలు, మూటలు. సౌదీ వైపు పోతున్నామన్నాడు. చాచా చేతులు రెండూ పట్టుకొని, "గుర్రాలు నీ చేతుల్లో ఉన్నాయి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు. అంత భయంలోనూ ఆ మాట నాకు గుచ్చుకుంది.

చుట్టుపక్కల కొట్టాల పనివాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పోతూ పోతూ, కట్టేసిన చోటే ఆకలితో చావకుండా ఉంటాయని గుర్రాల్ని విప్పి వదిలేశారు. అవి రింగ్ రోడ్డు మీద ట్యాంకుల మధ్య పరుగెత్తేవి. రెండు రోజులకు నూరా తనంతట తనే తిరిగొచ్చింది. రొమ్ముకు ముళ్లకంచె తీగ చుట్టుకొని ఉంది. దాని వెనకాలే వేరే కొట్టాల గుర్రాలు మూడు వచ్చాయి. ఇంకో రెండింటిని నేనూ చాచా తాళ్లేసి పట్టుకొచ్చాం. ఆ దొరికినవాటిలో ఒకటి ముసలి ఎర్ర గుర్రం. పేరు తెలియదు. పళ్లు అరిగిపోయాయి. దాణా నములుతుంటే సగం కింద పడేది. పిలిస్తే మాత్రం వెంటనే వచ్చేది. ఎవరో బాగా చూసుకున్న గుర్రం.

ఖైతాన్‌లో నాకు తెలిసిన మా జిల్లావాళ్లు బస్సులెక్కి జోర్డాన్ మీదుగా ఇంటికి పోతున్నారు. "రారా ఓబులేసూ, పానం ఉంటే గుర్రాలు యాడైనా దొరుకుతాయి" అన్నారు. నేను పోలేదు. ఊళ్లో ఇప్పటికీ నన్ను ఉప్పు తిన్న విశ్వాసం ఉన్నవాడని చెప్పుకుంటారు. నిజం వేరే. నేను పోతే నూరాను చాచా ఇంకెవరి చేతిలోనైనా పెడతాడు. అది తట్టుకోలేకపోయాను.

సువార్త

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, దజీజ్‌లో గోడౌను కాపలా కాసే మా కడప డ్రైవరు పికప్‌లో ఒకామెను దించిపోయాడు. సువార్త. సల్వాలో మామా దగ్గర ఇంటిపని చేసేది. నర్సాపురం పక్క మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. కారులో చోటు లేక వాళ్లు ఆమెను ఇంటికి కాపలా పెట్టి పోయారు. ఇప్పుడు ఆ ఇంట్లో సైనికులు దిగారు. గోడ దూకి వచ్చేసింది. చేతిలో ఒక సంచీ, చంకలో చేతి కుట్టుమిషను.

"ఇదెందుకు మోసుకొచ్చినావు?" అన్నాను.

"మామాకి ఇష్టమండి. ఆళ్లు పట్టుకుపోతే బాధపడతాది కదండీ" అంది.

చాచా ఆమెకు దాణా గది ఖాళీ చేసి, లోపలి గడియ తనే సరిచేసి ఇచ్చాడు. బేటీ అని పిలిచాడు. నన్ను ఏడేళ్లలో ఒక్కసారీ బేటా అనలేదు.

నూరా రొమ్ము గాయం అప్పటికి చీము పట్టింది. నేను రోజూ టింక్చరు పోస్తున్నాను. పోయగానే అది వెనక్కి లేచేది. రెండుసార్లు నన్ను గోడకు నొక్కింది. తను వచ్చిన మూడో రోజు సువార్త దూరం నుంచి చూసి, "అన్నయ్యగారూ, అది మండిపోతాది కదండీ. ఉప్పునీళ్లతో కడిగితే సరిపోద్దండి" అంది.

"నీకేం తెలుసుమే గుర్రాల సంగతి?"

"గుర్రాల సంగతి తెల్దండి. పుళ్ల సంగతి తెల్సండి. మా ఊరి ఆసుపత్రిలో నాలుగేళ్లు ఆయాగా చేసేను."

చాచా ఆమెను చేయనిమ్మన్నాడు. ఆమె ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చుకుంది. నూరా ముందు నిలబడి ముట్టుకోకుండా చాలాసేపు ఏదో మాట్లాడింది. ఇంట్లో సరుకులేమున్నాయో, ఏం వండాలో, అలాంటివే. తర్వాత గుడ్డ తడిపి గాయం అంచుల నుంచి మొదలుపెట్టింది. నూరా కదల్లేదు. తల దించి ఆమె భుజం మీద ముక్కు ఆనించింది. ఐదేళ్లలో నా భుజం మీద అట్లా ఎప్పుడూ ఆనించలేదు.

పదిహేను రోజులకు గాయం మూసుకుంది. ఆ వారమే చాచా మాలీసు బ్రష్షు ఆమెకిచ్చాడు. "పొద్దున నువ్వు చెయ్యి, సాయంత్రం ఈ పిల్ల చేస్తుంది" అని నాతో అన్నాడు, నీళ్ల డబ్బా అటు జరుపు అన్నంత మామూలుగా.

ఆ రోజు నుంచి నా కళ్లూ చెవులూ నావి కావు. సువార్త రబ్బరు చెప్పులు ఇసుకలో చేసే చప్పుడుకు నూరా చెవులు ముందుకు తిరుగుతాయి, నా చప్పుడుకు తిరగవు. ఆమె పెడితే బార్లీ మొత్తం తింటుంది, నేను పెడితే మూతి పెట్టి ఆగి ఆమె కోసం చూస్తుంది. ఇవన్నీ రోజూ లెక్కపెట్టుకునేవాణ్ణి. బయట దేశం తగలబడుతోంది, రొట్టె దొరకడం లేదు, ఎప్పుడు ఎవడొచ్చి తుపాకి పెడతాడో తెలియదు. నా బాధ మాత్రం ఆ చెవులు.

గోనెపట్టాలు

నవంబరులో సైనికులు లారీలో వచ్చారు. జీనులు తీసుకున్నారు. గుర్రాలకు చలికాలం కప్పే దుప్పట్లన్నీ తీసుకున్నారు. వాళ్లలో ఒక నడివయసువాడు ఎర్ర గుర్రం పెదవి ఎత్తి పళ్లు చూసి, మెడ తట్టాడు. పల్లెటూరివాడని ఆ చేతులు చూస్తేనే తెలిసింది. "మాకూ చలేస్తుంది భాయ్" అని దుప్పట్లు భుజాన వేసుకొని పోయాడు.

కువైట్ చలిని ఇక్కడివాళ్లు నమ్మరు. డిసెంబరు, జనవరిలో ఉత్తరం నుంచి గాలి లేస్తే ఎముకల్లో దిగుతుంది. దానికి వాన తోడైతే తడిసిన గుర్రం నిలబడినచోటే వణుకుతుంది. మీరు గుర్తుంచుకోవలసింది, చలి ఒక్కటే గుర్రాన్ని చంపదు. ఒంటి మీద తడి, కాళ్లకింద బురద, పక్కనుంచి కొట్టే గాలి, ఈ మూడూ లేకుండా చూస్తే ఎంత చలైనా తట్టుకుంటుంది.

సువార్త బార్లీ గోనెసంచులు విప్పి, మధ్యలో పాత తివాచీ ముక్కలు పెట్టి, మిషను మీద పదకొండు గుర్రాలకూ పట్టాలు కుట్టింది. నూరాకు కుట్టిన దానికి మెడ దగ్గర ఒరుసుకోకుండా తన పాత చీర అంచు వేసింది. మా ఊళ్లో చలికాలం ఎద్దులకు గోనెపట్టాలు మేమే కప్పేవాళ్లం. ఆ ఆలోచన నాకు రావలసింది. నాకు రాలేదు, ఆమెకొచ్చింది. నేను మెచ్చుకోలేదు సరికదా, కుట్లు వంకరగా ఉన్నాయన్నాను.

"అవునండి, దారం మంచిది కాదు" అని ఊరుకుంది. ఆమె గొడవపడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ నెలలోనే నేను చేసిన ఒక పని తలచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. ఆమె స్వెట్టరు ఉతికి తీగమీద ఆరేసింది. ఆమె దాణా గదిలో వంట చేస్తుండగా అది తీసి తొడుక్కొని నూరా దగ్గరికి పోయాను. ఆ వాసనకైనా నా దగ్గరికి వస్తుందేమోనని. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. నూరా ముక్కు పెట్టి స్వెట్టరు వాసన చూసింది, నా మొహం వాసన చూసింది, తల తిప్పుకుంది. వెనక్కి తిరిగితే చాచా నిలబడి ఉన్నాడు. కళ్లు సరిగా కనబడకపోయినా అది మాత్రం కనబడింది. "తీసెయ్యి ఓబూ, చినిగిపోతుంది" అని మాత్రం అన్నాడు.

నీళ్లు

జనవరి మధ్యలో బాంబుల యుద్ధం మొదలైంది. అదే వారంలో చాచా ఛాతీ పట్టేసి జ్వరంతో మంచం ఎక్కాడు. పచ్చిగడ్డి అయిపోయి చాలా రోజులైంది. గుర్రాలకు ఎండుగడ్డి, గోడౌను నుంచి మా కడప డ్రైవరు తెచ్చిచ్చే బార్లీ, అంతే.

ఒక పొద్దున సువార్త విరిగిన చెక్కలు పోగేసి, బయట మూడు రాళ్లు పెట్టి పెద్ద డేగిసాలో నీళ్లు కాస్తోంది.

"ఏంది ఇది?" అన్నాను.

"గుర్రాలు నీళ్లు తాగట్లేదండి. తొట్టి ముట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోతంది. నిన్న నూరాకి కాస్త గోరువెచ్చగా పెడితే బకెట్టు మొత్తం తాగేసింది. అన్నిటికీ పెడదామని."

నూరాకు. నాతో చెప్పకుండా. ఆ ఒక్కమాటే నా చెవిలో పడింది.

"పొగ చూసి సైనికులు వస్తే? బుద్ధుందా నీకు? ఏడేండ్లాయ నేనీపని చేయబట్టి, ఏ చలికాలమూ గుర్రాలకు ఉడుకునీళ్లు పెట్టలేదు. ఖలాస్, ఆర్పెయ్యి." ఆమె ఆర్పేదాకా ఆగకుండా డేగిసా నేనే ఒంపేశాను. నీళ్లు మంటలో పడి పొగ ఇంకా ఎక్కువ లేచింది.

పొగ భయం పూర్తిగా అబద్ధం కాదు. అయితే చాచా అదే మంట వెలిగించి ఉంటే నేను పక్కన కూర్చొని చలి కాచుకునేవాణ్ణి.

వారం గడిచింది. ఒకరోజు ఆమె పారలో లద్దె తెచ్చి నా ముందు పెట్టింది. "ఎర్ర గుర్రందండి. చూడండి, చిన్న చిన్న రాళ్లలా ఉంది. నిన్నంతా రెండుసార్లే వేసింది. నీళ్లు ముట్టట్లేదు."

లద్దె చూడమని చాచా నాకు రెండేళ్లు నేర్పాడు. ఆమెకు ఎవరూ నేర్పలేదు. అది నేను పట్టుకోవలసిన సంగతి, పట్టుకోలేదు, ఆమె పట్టుకుంది. ఆ ఉక్రోషంలో పార వైపు చూడనైనా చూడలేదు. "ముసలిది, పండ్లు లేవు, అట్లనే ఉంటాది. నీ పని నువ్వు చూసుకోపో" అన్నాను.

"నా పనేంటో మీరు చెప్పండి అన్నయ్యగారూ, అదే చేత్తాను" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మర్నాడు పొద్దున ఎర్ర గుర్రం ముందుకాలితో నేల గీరుతోంది. మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. అంత చలిలో మెడ మీద చెమట పట్టింది. కడుపులో మేత ఎండి గట్టిపడి పేగు మూసుకుపోయింది. డాక్టర్లు ఎవరూ లేరు. పట్టుకొని నడిపించాం. నూనె తాగించాం. సువార్త గోరువెచ్చటి నీళ్లు దోసిట్లో పట్టి దాని పెదవులు తడుపుతూనే ఉంది. ఈసారి ఆమె మంట వెలిగిస్తే నేను ఆపలేదు. రెండో రోజు మధ్యాహ్నం అది పడుకుంది, మళ్లీ లేవలేదు. తల ఆమె ఒడిలో ఉంది.

చాచా దుప్పటి కప్పుకొని గోడ పట్టుకుంటూ వచ్చాడు. వంగి డొక్క తడిమాడు.

"నీళ్లు తాగి ఎన్ని రోజులైంది?"

నేను వంగి దాని గోనెపట్టా సర్దాను.

"ఈ పిల్ల నీకు చెప్పిందా?"

"చెప్పింది."

"విన్నావా?"

"లేదు చాచా."

ఆయన చెయ్యి చాపాడు. దాణా తాళాలు నా మొలతాడుకు ఉండేవి. విప్పి ఇచ్చాను. ఆయన వాటిని సువార్త చేతిలో పెట్టి లోపలికి పోయాడు. నిజం రాస్తానన్నాను కదా, రాస్తున్నాను. చచ్చిన గుర్రం పక్కన నిలబడి నేను ఆ తాళాల కోసం ఏడ్చాను.

నల్లవాన

మరునాటి నుంచి రోజూ రెండుపూటలా నీళ్లు కాచాం. చిటికెడు ఉప్పు వేసి, చేతికి గోరువెచ్చగా తగిలేలా. మిగిలిన పది గుర్రాలకూ లద్దె మెత్తబడింది. ఇది మీరు రాసిపెట్టుకోండి. చలిలో గుర్రం నీళ్లు తగ్గిస్తుంది, ఎండుమేత మానదు. ప్రమాదం అక్కడే.

ఫిబ్రవరి చివర ఇరాక్ సైన్యం పోతూ పోతూ నూనెబావులకు నిప్పుపెట్టింది. మిట్టమధ్యాహ్నం లాంతరు వెలిగించుకొని పనిచేశాం. వాన పడితే నల్లగా, జిడ్డుగా పడేది. తెల్లగుర్రాలు నల్లగుర్రాలయ్యాయి. ముక్కుల్లో మసి గడ్డకట్టేది. నేనొక పక్క, సువార్త ఒక పక్క, తడిగుడ్డలతో ఒక్కొక్క గుర్రం కళ్లూ ముక్కులూ తుడుచుకుంటూ పోయేవాళ్లం. మా మొహాలు కూడా పళ్లు తప్ప కనబడేవి కావు.

ఒకరోజు నూరాకు ఇద్దరం చెరోవైపు తుడుస్తున్నాం. "సువార్తా" అని పిలిచాను. తప్పు నాదే అని చెబుదామని నోటిదాకా వచ్చింది. అంతలో నూరా ఆమె వైపు తల వంచి గొంతులో సన్నగా గురగురమంది.

"ఏంటండి?" అంది.

"ఏంలేదు. గుడ్డ మురికయింది, మార్చు" అన్నాను.

ఎర్ర గుర్రం యజమాని

సైన్యం వెళ్లిపోయింది. చాచా కళ్లు ఆ పొగకు పూర్తిగా దెబ్బతిన్నాయి. ఆయన దేశంవాళ్లు వచ్చి వైద్యానికి తీసుకుపోయారు. వేసవి రాకముందే బాబా వచ్చి, తన ఆరు గుర్రాలూ నిలబడి ఉండడం చూసి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. నుదుటి మీద ముద్దు పెట్టాడు. సువార్త బకెట్టు పట్టుకొని అయిదడుగుల దూరంలో ఉంది. "యల్లా, మామా నీకోసం చూస్తోంది, ఇల్లంతా పాడుచేసి పోయారు" అని ఆమెను కారెక్కమన్నాడు. ఈవిడే చేసింది బాబా అని చెప్పడానికి నాకు అరబ్బీలో నాలుగు మాటలు చాలు. చెప్పలేదు. ఆమె వెళ్తుంటే నూరా నాకు తిరిగి దక్కిందనుకున్నాను.

దొరికిన గుర్రాల కోసం యజమానులు వచ్చి తీసుకుపోసాగారు. ఒకరోజు జహ్రా వైపు నుంచి ఒక సన్నటి ముసలాయన తలతాడు చేత్తో పట్టుకొని వచ్చాడు. ఆ పూట మామా పంపిన భోజనం పట్టుకొని సువార్త కూడా అక్కడే ఉంది. ఆయన ఎర్ర గుర్రం గుర్తులు చెప్పాడు. ఎడమ కాలి మీద తెల్లమచ్చ, పిలిస్తే వస్తుంది.

"చలికి పోయింది" అన్నాను.

ఆయన సువార్త వైపు తిరిగాడు. "నిజమేనా తల్లీ?"

ఆమె అరబ్బీ నాకంటే బాగా మాట్లాడుతుంది. ఒక్క మాటతో నన్ను పట్టించవచ్చు.

"మేము పక్కనే ఉన్నాం అయ్యా. ఒంటరిగా పోలేదు" అంది.

ఆయన తలతాడు చుట్ట చుట్టుకొని, మా ఇద్దరికీ దీవెనలు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సంగతి బాబాకు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. "ఎర్ర గుర్రం చలికి చావలేదు బాబా" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. "నాకెందుకు చెబుతున్నావు?" అని కారెక్కించుకొని ఆ ముసలాయన ఇంటికి తీసుకుపోయాడు. ఆయనకీ చెప్పాను. ఆయన ఖహ్వా, వాళ్ల కాఫీ, పోసిచ్చి, నేను తాగాక అడిగాడు.

"ఇప్పుడు నీళ్లు కాస్తున్నారా?"

"కాస్తున్నాం."

"మంచిది" అన్నాడు. అంతే.

ఆ తర్వాత నా కింద చాలామంది పనిచేశారు. ఏ గుర్రమైనా ఎవరిని ఇష్టపడితే ఆ గుర్రాన్ని వాళ్ల చేతికే ఇచ్చాను. నాకేమీ అనిపించలేదని అబద్ధం చెప్పను. ప్రతిసారీ మండింది. మీకూ మండుతుంది. మండితే మండనివ్వండి, దాన్ని గుర్రం బకెట్టు దాకా రానివ్వకండి. వచ్చి చెప్పేది ఎవరైనా సరే, ముందు పారలో ఉన్నది చూడండి.

ఇంతటితో ఆపేయవచ్చు. అయితే సువార్త చివరిసారి వచ్చిన రోజు గురించి బాబాకు చెప్పలేదు, ముసలాయనకూ చెప్పలేదు.

ఎయిర్‌పోర్టుకు పోతూ

యుద్ధం ముగిసిన ఏడాదే, మళ్లీ చలి మొదలయ్యే ముందు సువార్త ఖరూజ్ తీసుకొని, అంటే వీసా ముగించుకొని, ఇంటికి వెళ్లిపోతోందని తెలిసింది. మధ్యాహ్నం విమానం. డ్రైవరును బతిమాలి కొట్టం దగ్గర కారు ఆపించుకుంది. కొత్త చీర కట్టుకుంది. బూట్లు వేసుకుంది, అందుకే ఆమె నడిచొస్తున్న చప్పుడు నూరాకు తెలియలేదు.

"పది నిమిషాలేనండి అన్నయ్యగారూ. ఒక్కసారి నూరాని చూసి పోతాను."

నూరా వెనక వరసలో, తలుపు వేసిన గదిలో ఉంది. ఏడెనిమిది నెలలుగా నేనొక్కణ్ణే దాని పని చూసుకుంటున్నాను. ఆ వారమే మొదటిసారి నా చేతిలోంచి ఖర్జూరం తీసుకొని, నా భుజం మీద ముక్కు ఆనించింది.

"లేదుమే. బయటికి తోలుకపోయినారు తిప్పడానికి. వచ్చేటప్పటికి సాయంత్రమైతాది" అన్నాను.

"అయ్యో" అంది. కారు వైపు తిరగబోతూ, "అయితే నేనొచ్చేనని..." అంటూ ఆగి, గుర్రానికి ఏం చెబుతారని కాబోలు, తనే నవ్వుకుంది.

ఆ నవ్వు వినబడింది. వెనక వరసలోంచి నూరా గొంతెత్తి పిలిచింది. రేకులు అదిరేలా ఒకసారి, ఊపిరి తీసుకొని మళ్లీ ఒకసారి. గిట్టతో తలుపు తన్నింది.

సువార్త ఆ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఆమె చేతిసంచీ వైపు చూస్తున్నాను. ఆమె లోపలికి నడవవచ్చు, నేను అడ్డం నిలబడగలిగేవాణ్ణి కాను. నడవలేదు.

"పోన్లెండి" అంది మెల్లగా. "పిలిచింది కదండీ. నాకది చాలు. మీరు జాగర్త అన్నయ్యగారూ."

కారు ఇసుకదారి దాటి రోడ్డెక్కేదాకా నూరా పిలుస్తూనే ఉంది. నేను పోయి దాని గది తలుపు ముందు నిలబడ్డాను. చెయ్యి గొళ్లెం మీదే ఉంది. తీయలేదు.